పడిగె కింద చీటీ

2013లో మా బడి పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్ళాం. అప్పటిదాకా భద్రాచలం దాటి చూడని పిల్లలు. చార్మినార్, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం అయ్యాక, మన వస్తువులు కూడా చూడనీ అని ఆదివాసీల వస్తువులు పెట్టిన ఇంకో మ్యూజియానికి పోయాం. ఆడపిల్లలకు తోడుగా ఇంటర్ చదువుతున్న మా అక్క బిడ్డను వెంటబెట్టుకున్నాం.

లోపల అద్దాల వెనక బొమ్మలున్నాయి. ఒక కోయ ఇల్లు, ఒక మనిషి, ఒక ఆడమనిషి, రోలు, రోకలి. పిల్లలు కాసేపు చూసి, ఇవన్నీ మా ఇంట్లో ఉన్నయే కదా అన్నట్టు ముందుకు నడిచారు. ఐదో తరగతి పిల్లగాడు ఒక పెట్టె ముందు ఆగి నవ్వడం మొదలుపెట్టాడు.

"సార్, ఇది మావు సార్. గింజల బుట్ట అని రాసిన్రు."

దగ్గరికి పోయి చూశాం. నిజమే. వానాకాలం వాగుకు అడ్డం పెట్టే చేపల మావు అది. మూతి దగ్గర వెదురు పుల్లలు లోపలికి వంగి ఉంటాయి. చేప లోపలికి పోతుంది గానీ బయటికి రాలేదు. దాంట్లో గింజలు పోస్తే సందుల్లోంచి అన్నీ కారిపోతాయి. చీటీ మీద మాత్రం చక్కటి అక్షరాలతో ధాన్యం నిల్వ చేసే బుట్ట అని ఉంది.

పొద్దున సాలార్‌జంగ్‌లో ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి శిల్పం చూశాం. దాని కింద చెక్కినవాడి పేరు బెంజోనీ అని, ఏడాది 1876 అని ఉంది. ఎక్కడో ఇటలీ మనిషి పేరు మా పిల్లలు చదివారు. సాయంత్రం తమ తాతలు అల్లిన మావు కింద అల్లినవాడి పేరు లేదు, ఊరు లేదు, వస్తువు పేరే తప్పు.

పిల్లలు నవ్వుకున్నారు, మేమూ నవ్వాం. మా అక్క బిడ్డ నవ్వలేదు. గేటు దగ్గరున్న కాపలా మనిషిని అడిగింది: "అన్నా, ఈ చీటీలు ఎవరు రాస్తరు?"

"క్యూరేటర్ సారు రాస్తరమ్మా."

ఆ మాట మేం వినడం కూడా అదే మొదలు. బస్సులో పిల్లలంతా నిద్రపోయాక ఆ పిల్ల అడిగింది: "మామా, క్యూరేటర్ కావాలంటే ఏం చదవాలె?"

మాకు తెలియదు. తెలియదని ఒప్పుకోకుండా, "ముందు టిటిసి చెయ్యి, తర్వాత చూద్దాం" అన్నాం.

ఆ మాట ఎందుకన్నామో చెప్పాలి. మా తరానికి తెలిసిన దారి అదొక్కటే. పదో తరగతి, ఇంటర్, టిటిసి, డీఎస్సీ, పంతులు ఉద్యోగం. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పంతులు ఉద్యోగాలన్నీ అక్కడి ఆదివాసీలకే దక్కాయి. మేం అలా వచ్చినవాళ్ళమే. ఆ జీవో లేకపోతే మా గూడేల్లో సుద్దముక్క పట్టుకునే ఆదివాసీలు ఎంతమంది ఉండేవారో చెప్పలేం. ఆ ఉద్యోగంతోనే మా ఇంటి కప్పు మారింది. అందుకే ఏ పిల్ల కనపడినా, ఏ పిల్లగాడు కనపడినా టిటిసి అనేవాళ్ళం. మంచి చెప్తున్నామనే అనుకున్నాం.

ఆ పిల్ల మా మాట వినలేదు. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్ష రాసి బిఎఫ్ఏలో చేరింది. "బొమ్మలు గీసి ఏం తింటది?" అని మా అక్క ఏడ్చింది. మేం ప్రతి సెలవుకూ టెట్ పుస్తకాలు పంపేవాళ్ళం. అవి హాస్టల్ మంచం కింద కట్ట విప్పకుండానే ఉన్నాయని తర్వాత తెలిసింది.

నాలుగేళ్ళ చదువులో ఆమెకు బాగా నచ్చింది గీయడం కాదు, చిత్రకళా చరిత్ర. ఒక బొమ్మను చూసి అది ఎప్పటిది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది అని చెప్పే చదువు అది. ఇంటికి వచ్చినప్పుడు అమరావతి స్తూపం సంగతి మాకు చెప్పింది. కృష్ణ ఒడ్డున ఉండాల్సిన ఆ సున్నపురాతి పలకలు కొన్ని లండన్‌లో, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయట. మేం మా బడిలో శాతవాహనుల పాఠం ఎన్నోసార్లు చెప్పాం గానీ, ఆ రాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నాయని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"మరి మన సంగతి ఏ పాఠంలో ఉంది?" అని అడిగాం.

"చివర ఉంటది మామా. జానపద, గిరిజన కళలు అని ఒక పాఠం. పరీక్ష దగ్గర పడినప్పుడు సార్లు తొందరగా చెప్పేస్తరు."

ఆ పాఠంలో ఆమెకు తగిలిన పేరు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ఊరి పర్ధాన్ గోండు. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ మొదలైన కాలంలో, చిత్రకారుడు స్వామినాథన్ మనుషులు ఊళ్ళు తిరుగుతూ ఒక ఇంటి గోడ మీద అతను వేసిన బొమ్మ చూశారు. భోపాల్ తీసుకొచ్చారు. గోడ మీది వేల్పులు కాగితం మీదికి వచ్చాయి. 1989లో పారిస్ ప్రదర్శన దాకా పోయాయి. ఆ మనిషే 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో బొమ్మలు వేయడానికి పోయి, అక్కడే ఉరి వేసుకుని చనిపోయాడు. అప్పటికి నలభై ఏళ్ళు కూడా నిండినట్టు లేవు. ఆ కథ చెప్తూ ఆ పిల్ల, "మామా, మన బొమ్మలు గోడకు ఎక్కినయి. మన మనుషులు మాత్రం ఆఫీసు గదిలోకి పోలేదు" అంది. ఆ రోజు ఇంక టెట్ సంగతి ఎత్తలేదు.

2018లో బరోడా పోయింది. అక్కడి మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ అనే చదువు 1952 నుంచే ఉంది. మ్యూజియం ఎలా నడపాలో నేర్పే చదువు. తెలుగు, కోయ తప్ప వేరే మాట సరిగా రాని పిల్ల. ఇంగ్లిష్ సగం, హిందీ సగం, గుజరాతీ అసలే లేదు. స్కాలర్‌షిప్ ఆలస్యమైన నెలల్లో మేం పంపిన డబ్బుకు లెక్క రాసి పెట్టుకుంది. తర్వాత తిరిగి ఇవ్వబోతే, మా అక్క తరఫున మేమే తిట్టాం.

ఆ చదువు సంగతి కొంచెం వివరంగా చెప్తాం. ఈ పుస్తకం చదివే మన పిల్లలకు పనికొస్తుంది.

మ్యూజియం అంటే మేం అద్దాలు, చీటీలు, టిక్కెట్టు అనుకున్నాం. బయటికి కనపడేది చాలా తక్కువ. ఎక్కువ వస్తువులు వెనక గదుల్లో ఉంటాయి. ఒక వస్తువు లోపలికి రాగానే దాన్ని రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. బడిలో పిల్లలకు అడ్మిషన్ నంబర్ ఉన్నట్టే దానికీ ఒక నంబర్. ఆ నంబర్‌ను గుడ్డ మీద సిరాతో రాయకూడదు, నాడా మీద రాసి వదులుగా కుట్టాలి. ఏ ఊరిది, ఎవరిచ్చారు, కొన్నారా, దానమా, ఎక్కడ చిరిగింది, ఎక్కడ పురుగు తిన్నది అన్నీ రాయాలి. నూలు గుడ్డ మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడితే రంగు పోతుంది, అందుకే ఆ గదులు మసకగా ఉంటాయి. గుడ్డను మడత పెడితే మడత దగ్గరే తెగుతుంది, గొట్టానికి చుట్టాలి. వెదురుకు పురుగు పడితే మందు కొట్టకుండా, సంచిలో మూసి గడ్డకట్టే చలి పెట్టెలో ఉంచి చంపే పద్ధతి ఉంది. చదువులో సగం ఇలాంటి పని. మిగతా సగం చరిత్ర.

చదువు కాలంలో వాళ్ళను ఛోటా ఉదేపూర్ వైపు తేజ్‌గఢ్ తీసుకెళ్ళారు. అక్కడి ఆదివాసీ అకాడమీలో 'వాచా' అనే మ్యూజియం ఉంది. వాచా అంటే మాట. చుట్టుపక్కల రాఠ్వాల ఇళ్ళ గోడల మీద పిఠోరా గుర్రాలు ఉంటాయి. ఆ మ్యూజియం పని చేసేది కూడా ఎక్కువగా ఆ ప్రాంతపు ఆదివాసీలేనని ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంతోషం మాకు తెలిసింది. "మనకూ ఇట్ల ఉంటే" అంది.

2020 మార్చిలో లాక్‌డౌన్‌కు ముందు ఇంటికి చేరింది. ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని తీర్పు. ఆ సాయంత్రం ఫోన్లన్నీ అదే వార్త. టిటిసి చేసి, డీఎస్సీ కోసం ఏళ్ళుగా ఎదురు చూస్తున్న మా గూడెం పిల్లలు మా ఇంటి ముందు కూర్చున్నారు. వాళ్ళందరికీ టిటిసి చెయ్యమన్నది మేమే. ఏం చెప్పాలో తోచలేదు. ఆ పిల్ల మాతో ఏమీ అనలేదు, అందరికీ టీ పెట్టి తెచ్చింది. మేం ఆమె ముఖం చూడలేకపోయాం.

ఇప్పటికీ ఆ జీవోకు బదులు చట్టం కావాలని అడుగుతున్నాం, అడుగుతూనే ఉంటాం. కానీ ఒక్క తలుపు దగ్గరే పిల్లలందర్నీ నిలబెట్టింది మేమే అన్నది ఆ రోజు తెలిసింది.

తర్వాత ఏడాది ఉద్యోగం వెతుకులాట. కేంద్ర మ్యూజియాల్లో క్యూరేటర్ పోస్టులు యూపీఎస్సీ ద్వారా అప్పుడొకటి అప్పుడొకటి పడతాయి. రాష్ట్రంలో అంతకంటే తక్కువ. మిగిలింది కాంట్రాక్టు పని. ఒక ఇంటర్వ్యూలో పెద్ద మనిషి ఆమె సర్టిఫికెట్లు తిరగేసి, "బాగుంది, మీ డ్రెస్ వేసుకుని గ్యాలరీలో నిలబడతావా, విజిటర్లకు నచ్చుతుంది" అన్నాడట. ఎమ్మే చదివిన పిల్లను బొమ్మల పక్కన ఇంకో బొమ్మగా నిలబడమన్నాడు. "రిజిస్టర్ రాసే పని ఉంటే చెప్పండి సార్" అని లేచి వచ్చేసింది.

2021లో ఇంకో మ్యూజియంలో డాక్యుమెంటేషన్ అసిస్టెంట్‌గా దొరికింది. పదకొండు నెలల కాంట్రాక్టు, మళ్ళీ రాసుకోవాలి. జీతం మాకంటే చాలా తక్కువ. వెనక గదిలో పని. పాత వస్తువులను ఒక్కొక్కటే విప్పి, కొలిచి, ఫొటో తీసి, కంప్యూటర్‌లో ఎక్కించాలి.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. మా ఊళ్ళో ఇళ్ళ కప్పుల దాకా నీళ్ళు. పునరావాస శిబిరం నుంచి తిరిగి వచ్చి చూస్తే అంతా బురద. డోలి తాత ఇంట్లో వేల్పు పెట్టె కూడా మునిగింది. అందులో మా గట్టు పడిగె ఉంది.

పడిగె అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాం. పొడవాటి త్రికోణపు గుడ్డ. మా గట్టు పుట్టుక, వేల్పులు, వాళ్ళు నడిచిన దారి అంతా బొమ్మలుగా ఉంటుంది. మాకు రాత లేదంటారు గానీ మా చరిత్ర పుస్తకం అదే. డోలి వాయిస్తూ, బొమ్మ తర్వాత బొమ్మ చూస్తూ తాత కథ చెప్తాడు. బురదలోంచి తీసేసరికి గుడ్డ నల్లబడి, పట్టుకుంటే ఊడిపోతోంది. ఎండలో పరిచాడు తాత. ఏ బొమ్మా మిగల్లేదు. ఆ మనిషి ఏడవడం మేం అంతకుముందు చూడలేదు.

ఆ సంగతి ఫోన్లో చెప్పాం. ఆ పిల్ల కొంతసేపు మాట్లాడలేదు. "మామా, మా గదిలో ఒకటి ఉంది. మొన్ననే విప్పిన. తాతను తీసుకురాగలవా?" అంది.

అధికారులకు అర్జీ పెట్టి, రెండు నెలలు తిరిగి, అనుమతి తీసుకుంది. మేం, తాత, ఊరి పటేల్ కలిసి బస్సెక్కాం. వెనక గదిలో పొడవాటి బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద పడిగె విప్పారు. నాడా మీద నంబర్. కార్డు మీద మూడు మాటలు: గిరిజన జెండా, నూలు, ఖమ్మం జిల్లా. అంతే.

తాత చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. వంగి చూశాడు. మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోయాడు. మా గట్టుదే. ఎవరి ఇంటి నుంచి, ఎప్పుడు, ఎలా అక్కడికి చేరిందో కార్డు చెప్పలేదు. అమ్ముకున్నారో, అడిగితే ఇచ్చారో, ఎవరూ లేనప్పుడు పోయిందో. తాత వేలు గుడ్డకు తగలకుండా గాలిలో కదుపుతూ కథ మొదలుపెట్టాడు. డోలి లేదు. నోటితోనే రెండు గంటలకు పైగా చెప్పాడు. ఆ పిల్ల రికార్డు చేస్తూ ఒక్కొక్క బొమ్మకు నంబర్ వేసి రాసుకుంది. అక్కడి పెద్ద ఆఫీసరు పని మీద వచ్చి, తలుపు దగ్గరే నిలబడి చివరిదాకా విన్నాడు.

కథ అయ్యాక తాత అడిగాడు: "మరి తీస్కపోదుమా? పండుగ దగ్గరకొస్తంది. గోదారికి తీస్కపోయి తానం చేయించాలె."

ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్లే చెప్పాల్సి వచ్చింది. రిజిస్టర్‌లో ఎక్కిన వస్తువు బయటికి పోవాలంటే ప్రభుత్వం నుంచి ఉత్తర్వు కావాలి. కాంట్రాక్టు మనిషి చేతిలో ఏమీ లేదు. పైగా నీళ్ళలో ముంచితే ఆ రంగులు ఒక్క స్నానానికి కూడా నిలవవు. ఆమె చదువు గుడ్డను తడవనివ్వకూడదని చెప్తుంది. ఆమె పుట్టుక వేల్పుకు స్నానం చేయించాలని చెప్తుంది. ఆ పిల్ల అక్కడ నిలబడి, "తాతా, నా చేతిలో లేదు" అని కోయలో చెప్పి, తల దించుకుంది.

మాకు కోపం వచ్చింది. మన వేల్పు, మన గట్టు, అడుక్కోవడం ఏమిటి అనిపించింది. అదే సమయంలో ఇంకో మాట కూడా మనసులో పడింది. ఈ గదిలో లేకపోతే ఇది కూడా మొన్నటి బురదలో కలిసేది. రెండూ నిజమే. ఆ రెంటి మధ్య ఏది పెద్దదో ఈ రోజుకీ మేం తేల్చుకోలేదు.

తేల్చింది తాతే. "పడిగె పాతపడితే కొత్తది కుట్టుకోవుడు మనకు కొత్తనా? దీని బొమ్మలన్నీ ఇయ్యి బిడ్డా" అన్నాడు.

అసలు కొలతకు సమానంగా ఫొటోలు ఇవ్వడానికి ఆఫీసరు ఒప్పుకున్నాడు. వాటిని చూసి ఊళ్ళో కొత్త పడిగె కుట్టారు. పండుగకు గోదావరి స్నానం దానికే చేయించాం. పాతదాన్ని తిరిగి ఇవ్వమని, కనీసం పండుగ నాడు పెద్దలను దాని దగ్గరికి రానివ్వమని రాసిన అర్జీ ఇంకా ఫైల్‌లో ఉంది.

కార్డు మాత్రం మారింది. ఇప్పుడు గ్యాలరీలో పడిగె కింద ఉన్న చీటీ మీద మొదట కోయ పేరు ఉంది, తర్వాత తెలుగు, తర్వాత ఇంగ్లిష్. ఏ గట్టుదో ఉంది. కథ చెప్పింది ఎవరో తాత పేరుతో సహా ఉంది. చీటీ రాసినవాళ్ళ పేరు లేదు. అలా రాసే ఆనవాయితీ లేదట.

మన పిల్లలకు చెప్పదలచుకున్నది ఇది. గోండుల గురించి, కొండరెడ్ల గురించి 1940లలో పుస్తకాలు రాసిన హైమన్‌డార్ఫ్ ఫొటోలు, కాగితాలు లండన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మనల్ని ప్రేమించినవాడే, మార్లవాయిలో భార్య సమాధి పక్కన ఆయన గుర్తు కూడా ఉంది. అయినా ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పగలిగే ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. పోలవరం కింద ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి, ఇళ్ళలోని వస్తువులు ఎక్కడెక్కడికో పోతున్నాయి. హైదరాబాద్‌లో, అరకులో, జోడేఘాట్‌లో, భద్రాచలంలో మన పేరు మీద మ్యూజియాలు ఉన్నాయి. వాటిలో తుడిచేవాళ్ళు, కాపలా ఉండేవాళ్ళు మన వాళ్ళు ఉంటే చాలదు. రిజిస్టర్ రాసేవాళ్ళు మన వాళ్ళు కావాలి.

దారి సులువని చెప్పం. ఇంటర్ తర్వాత ఫైన్ ఆర్ట్స్ గానీ, చరిత్ర, మానవశాస్త్రం డిగ్రీ గానీ చేయవచ్చు. తర్వాత బరోడా, కాశీ, కలకత్తా విశ్వవిద్యాలయాల్లో మ్యూజియాలజీ ఉంది. ఢిల్లీలో 1989లో మొదలైన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్, ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్, అందులో కళాచరిత్ర, సంరక్షణ, మ్యూజియాలజీ మూడూ ఉన్నాయి. విదేశాల్లో చదవడానికి ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏడాదికి 20 స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. ఉద్యోగాలు తక్కువ, కాంట్రాక్టులు ఎక్కువ. ఇంటి నుంచి గొడవ ఉంటుంది, మా ఇంట్లో ఇంకా ఉంది. మొన్న కూడా మా అక్క, "పోయినసారి డీఎస్సీ రాసుంటే ఈపాటికి పర్మినెంట్ అయ్యేది" అంది. ఆమె మాటలో తప్పు లేదు. పదకొండు నెలలకోసారి సంతకం పెట్టే బిడ్డను చూసి తల్లి ఇంకేమంటుంది?

మేం మాత్రం ఇప్పుడు ఎవరికీ ఒక్క దారి చెప్పడం లేదు.

మా బడిలో ఒక పని మొదలుపెట్టాం. ఆ పిల్లే పద్ధతి చెప్పింది. శనివారం ఒక్కో పిల్ల, పిల్లగాడు ఇంటి నుంచి ఒక వస్తువు తెస్తారు. పొడవాటి నోటుబుక్కులో నంబర్, కోయ పేరు, తెలుగు పేరు, ఎవరు చేశారు, దేంతో చేశారు, ఏ పనికి వాడతారు, ఎక్కడ విరిగింది, అన్నీ పిల్లలే రాస్తారు. బొమ్మ గీస్తారు. సాయంత్రం వస్తువు మళ్ళీ ఇంటికి పోతుంది. ఇప్పటికి 140 దాటాయి. మా దగ్గర అద్దాల పెట్టె లేదు, తాళం లేదు.

1వ నంబర్ చేపల మావు. అల్లినవాడి పేరు దగ్గర మొదట ఖాళీ ఉండేది. ఆ పిల్ల ఇంటికి పోయి అడిగి వచ్చి రాసింది. వాళ్ళ నానమ్మట. మగవాళ్ళే అల్లుతారని మేం ఇన్నేళ్ళూ అనుకున్నాం.